మందు పోసేది డాక్టరు, ఖాళీ చేసేది వెంటిలేటర్

ఊపిరితిత్తుల్లో నీరు చేరిందంటే చాలు, ఇంట్లో అందరి మొహాలూ వాడిపోతాయి. అలాంటిది డాక్టర్లే పనిగట్టుకుని రోగి ఊపిరితిత్తుల్లో లీటరుకి పైగా కూడా ద్రవం పోసి, దాని మీద వెంటిలేటర్ నడిపిన రోజులున్నాయని చెబితే జనం నన్ను వింతగా చూస్తారు. నిజంగానే జరిగింది. నెలలు నిండని పసికందులకీ చేశారు, పెద్దవాళ్లకీ చేశారు. పద్ధతిగా అనుమతులు తీసుకునే చేశారు. 1990ల్లో దాని మీద గంపెడాశ పెట్టుకున్నారు. 2006లో ఒక పెద్ద క్లినికల్ ట్రయల్ ఫలితాలు అచ్చయ్యాక ఆ ఆశ చప్పున చల్లారిపోయింది.

నేను డాక్టర్ని కాను. వెంటిలేటర్లు బిగించి, బాగుచేసి, ఐసీయూ స్టాఫ్‌కి వాటి వాడకం చూపించే బయోమెడికల్ ఇంజినీరుని. కాబట్టి ఈ చికిత్స మంచిదా చెడ్డదా అన్న తీర్పు నా పని కాదు. నా గొడవ ఒక్కటే. ఊపిరితిత్తుల్లో పోసిన ఆ ద్రవం అక్కడ నిలవదు, గంటగంటకీ ఆవిరై పోతుంది. ఎంత వేగంగా పోవాలన్నది చాలావరకు వెంటిలేటర్ సెట్టింగులే తేలుస్తాయి. అంటే సీసా మీద ఎంత రాసి ఉన్నా, అసలు మోతాదు మిషను నాబ్ చేతిలో ఉంటుంది. ఈ సంగతి తెలిసినవాళ్లు అప్పుడూ ఉన్నారు, దాని మీద పేపర్లు కూడా రాశారు. అయినా చివరికి దాన్ని డ్యూటీలో ఉన్నవాళ్లు చూసుకునే టాప్-అప్ పనిలా, అంటే తగ్గినంత మళ్లీ పోసే పనిలా, పక్కన పెట్టేశారన్నదే నా ఫిర్యాదు.

ముందు ఆ ద్రవం ఏమిటో చెప్పాలి. పేరు పెర్‌ఫ్లోరోకార్బన్. కార్బన్ గొలుసుకి హైడ్రోజన్ ఉండాల్సిన చోటల్లా ఫ్లోరిన్ అతుక్కుని ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు, నీళ్లలో కలవదు. శరీరం దాన్ని జీర్ణం చేసుకోలేదు. రక్తంలోకి చేరే ఆ కాస్తా మళ్లీ ఊపిరితోనే బయటికొస్తుంది. దాని గొప్పంతా వాయువుల్ని కరిగించుకోవడంలో ఉంది. మనుషుల మీద పరీక్షల్లో ఎక్కువగా వాడిన రకం పెర్‌ఫ్లుబ్రాన్. 100 మి.లీ. పెర్‌ఫ్లుబ్రాన్‌లో సుమారు 50 మి.లీ. ఆక్సిజన్ కరుగుతుంది. అన్నే నీళ్లలో మహా అయితే రెండు మూడు మి.లీ. కార్బన్ డయాక్సైడ్ అయితే 200 మి.లీ. పైనే కరుగుతుంది. బరువు నీటికి దాదాపు రెట్టింపు, లీటరుకి 1.92 కిలోలు. తలతన్యత నీటిలో నాలుగో వంతు. మూసుకుపోయిన గాలి గదుల్లోకి తన బరువుతో తానే దిగి, వాటిని లోపల్నుంచి తెరిచి పట్టుకుంటుంది. ఊపిరి వదిలాక గాలి గదులు మూసుకుపోకుండా వెంటిలేటర్ లోపల నిలిపి ఉంచే ఒత్తిడిని పీప్ అంటారు. అందుకే డాక్టర్లు దీన్ని 'లిక్విడ్ పీప్' అని ముద్దుగా పిలిచేవారు. మరో ముచ్చట: ఇందులో బ్రోమిన్ ఉండటం వల్ల ఎక్స్‌రేలో తెల్లగా కనిపిస్తుంది. ఐసీయూలో ఊపిరితిత్తులు తెల్లబడ్డ ఎక్స్‌రే చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. ఈ చికిత్సలో మాత్రం మందు పడిందనడానికి ఆ తెలుపే గుర్తు.

చరిత్ర ఎక్కువ చెప్పను. 1960ల మొదట్లో యోహానెస్ కైల్‌స్ట్రా ఎలుకల చేత ఉప్పునీళ్లు పీల్పించాడు గానీ, అందుకు ఆక్సిజన్‌ని విపరీతమైన ఒత్తిడితో ఆ నీళ్లలోకి తోయాల్సి వచ్చింది. 1966లో లీలాండ్ క్లార్క్, ఫ్రాంక్ గొలాన్ కలిసి మామూలు వాతావరణ పీడనంలోనే, ఫ్లోరోకార్బన్‌లో మునిగిన ఎలుకలు ఊపిరి పీల్చి బతకగలవని చూపించారు. 1989లో ఫిలడెల్ఫియాలో జే గ్రీన్‌స్పాన్, మార్లా వుల్ఫ్‌సన్, థామస్ షాఫర్ల బృందం, ఇక ఏ దారీ లేదనుకున్న నెలలు నిండని బిడ్డల్లో మొదటిసారి ప్రయత్నించింది. ఊపిరితిత్తులు కాసేపు మెరుగుపడ్డాయి గానీ ఆ బిడ్డలు దక్కలేదు. అప్పటి పద్ధతిలో ద్రవాన్నే లోపలికి పోసి, బయటికి తీసి, ప్రతి ఊపిరినీ ద్రవంతోనే నడపాలి. దానికి ప్రత్యేకమైన మిషను కావాలి, ఎక్కడా దొరకదు. 1991లో బ్రాడ్లీ ఫర్మన్ బృందం తేలిక దారి కనిపెట్టింది. ఊపిరి వదిలాక కూడా లోపల మిగిలిపోయే గాలి ఎంతో, ఆ మేరకు ద్రవం నింపి, పైన మామూలు వెంటిలేటర్‌తో గాలే ఊదడం. దీని పేరు పార్షియల్ లిక్విడ్ వెంటిలేషన్. ఏ ఐసీయూలో అయినా చేయొచ్చు. అందుకే 90ల్లో అందరూ దీని వెంట పడ్డారు. నా కథ మొదలయ్యేదీ ఇక్కడే, ఎందుకంటే ద్రవం మీద గాలి ఊదారంటే దాన్ని ఆరబెడుతున్నారన్నమాటే.

ఎంత ఆరుతుందో చిన్న లెక్క వేద్దాం. ఒళ్లు వేడి దగ్గర, అంటే 37 డిగ్రీల దగ్గర, పెర్‌ఫ్లుబ్రాన్ ఆవిరి పీడనం సుమారు 11 మి.మీ. పాదరసం. నీటిది 47. 'నీటిలో నాలుగో వంతేగా, ఏం పోతుందిలే' అనిపిస్తుంది. అక్కడే పప్పులో కాలేస్తాం. పెర్‌ఫ్లుబ్రాన్ అణువు మహా బరువు, అణుభారం 499. నీటిది 18. గాలిలో ఒకటిన్నర శాతం ఆవిరే ఉన్నా, ఒక లీటరు గాలి బయటికి పోతే 0.28 గ్రాముల ద్రవం పోయినట్టు. వెంటిలేటర్ల దగ్గర పనిచేసేవాళ్లకి 44 అనే అంకె నోట్లో నానుతుంటుంది. 37 డిగ్రీల దగ్గర పూర్తిగా తడిసిన లీటరు గాలిలో ఉండే నీరు 44 మిల్లీగ్రాములు. పెర్‌ఫ్లుబ్రాన్‌కి అదే అంకె 280. బరువు లెక్కన నీటికి ఆరు రెట్లు. ఘనపరిమాణంలో చెప్పాలంటే లీటరు గాలికి దాదాపు 0.15 మి.లీ.

కిలో బరువున్న పసిబిడ్డని తీసుకోండి. ఊపిరితిత్తుల్లో 30 మి.లీ. ద్రవం నింపారు. ఊపిరికి 6 మి.లీ., నిమిషానికి 40 ఊపిరులు. అంటే నిమిషానికి 240 మి.లీ. గాలి, గంటకి 14.4 లీటర్లు. ప్రతి ఊపిరీ ఆవిరితో నిండుగా బయటికొస్తే గంటకి రెండు మి.లీ. పైన పోతుంది. కార్బన్ డయాక్సైడ్ పెరిగిందని డ్యూటీ డాక్టరు రేటుని 40 నుంచి 60కి పెంచాడు. ఐసీయూలో రోజూ జరిగేదే, తప్పేమీ లేదు. కానీ ఆ క్షణం నుంచి గంటకి మూడు మి.లీ. పైన పోతుంది. 14 గంటలు రావాల్సిన ద్రవం 9 గంటలకే అయిపోవచ్చు. ఆ నాబ్ తిప్పినవాడు తాను రక్తంలోని వాయువుల్ని సరిచేశాననే అనుకుంటాడు. మందు మోతాదు మార్చానని అతనికి తట్టదు. చార్టులో ఆ మాట రాయడానికి గడీ ఉండదు.

ఇది గరిష్ఠ లెక్క అని మర్చిపోవద్దు. నిజంగా ప్రతి ఊపిరీ నిండుగా రాదు. ఎందుకు రాదన్నదే ఈ మొత్తం వ్యవహారంలో ఆసక్తికరమైన సంగతి. దండెం మీద ఆరేసిన చీర తలుచుకోండి. ఎంత గాలి వీస్తుందన్నది ఒకటి, చీరని ఎంత పరిచి వేశామన్నది ఇంకొకటి. ముద్దగా పడేస్తే ఎంత గాలి వీచినా పైపొర ఆరి లోపల తడి అలాగే ఉంటుంది. ఊపిరితిత్తుల్లో కూడా ద్రవం కొన్నిచోట్ల గాలి గదుల గోడలకి పల్చటి పొరగా అంటుకుని ఉంటుంది, కొన్నిచోట్ల మడుగులా నిలిచి ఉంటుంది. మొదట్లో పొర అంతటా ఉంటుంది కాబట్టి బయటికొచ్చే గాలి దాదాపు నిండుగా ఆవిరితో వస్తుంది. పొర ఆరాక, రోగి వెల్లకిలా ఉన్నాడు కాబట్టి, వీపు వైపు ఉన్న మడుగు మాత్రం మిగులుతుంది. ఛాతీ ముందు భాగం ఎండిపోతుంది. గాలికేమో ఆ ఎండిన, తెరిచి ఉన్న ముందు భాగమే తేలిక దారి. అప్పుడు నష్టం తగ్గుతుంది. తగ్గిందని సంబరపడటానికి లేదు. ద్రవం ఉన్నచోటికి గాలి వెళ్లడం లేదు, గాలి వెళ్లేచోట ద్రవం లేదు, అంతే. రోగిని ఒక పక్కకి తిప్పితే మడుగు చెదిరి మళ్లీ పొరలా పరుచుకుంటుంది, ఆవిరి ఒక్కసారిగా పెరుగుతుంది.

ఈ రెండు కారణాలూ మనసులో పెట్టుకుంటే, ఒక్కో సెట్టింగు ఏం చేస్తుందో ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. అన్నిటికంటే పెద్ద దొంగ మినిట్ వెంటిలేషన్, అంటే నిమిషంలో ఊదే మొత్తం గాలి. రేటు పెంచినా, ఒక్కో ఊపిరికి ఊదే గాలి, అంటే టైడల్ వాల్యూమ్ పెంచినా ఆవిరి మోసుకెళ్లే గాలి పెరుగుతుంది. కానీ రెండూ ఒకేలా పెంచవు. పెద్దవాళ్లలో గొంతూ, గాలి గొట్టాలూ కలిపి 150 మి.లీ. దాకా డెడ్ స్పేస్ ఉంటుంది. ఆ గాలి ద్రవం దాకా పోకుండానే వెనక్కొస్తుంది. 600 మి.లీ. చొప్పున 12 ఊపిరులిచ్చినా, 300 చొప్పున 24 ఊపిరులిచ్చినా స్క్రీన్ మీద అంకె ఒకటే, నిమిషానికి 7.2 లీటర్లు. లోపల ద్రవాన్ని తాకే గాలి మాత్రం మొదటి దాంట్లో 5.4 లీటర్లు, రెండో దాంట్లో 3.6. కాబట్టి 'మినిట్ వెంటిలేషన్ మార్చలేదు కదా' అని ఊరుకోవడం కుదరదు.

పీప్ సంగతి ఇంత సూటిగా ఉండదు. పీప్ పెంచితే మూసుకున్న గదులు తెరుచుకుని ద్రవం ఎక్కువచోట్ల పరుచుకుంటుంది, అంటే ఆవిరయ్యే వైశాల్యం పెరుగుతుంది. అదే పీప్ ద్రవాన్ని గొట్టాల్లోంచి లోతుకి తోస్తుంది, గాలికి కాస్త దూరం చేస్తుంది. ఏది గెలుస్తుందన్నది ఊపిరితిత్తి ఎంత నిండి ఉంది, ఎంత బిగుసుకుని ఉంది అన్నదాని మీద ఉంటుంది. అసలు చిక్కు కొలతలో వస్తుంది. ద్రవం సరిపడా ఉందో లేదో చూడటానికి అప్పటి పద్ధతి ఏమిటంటే, ఊపిరి వదిలిన క్షణంలో నోట్లో వేసిన ట్యూబులో ద్రవం మట్టం కనిపిస్తుందా అని చూడటం. కనిపించకపోతే ఇంకాస్త పోయడం. పీప్ 5 నుంచి 10కి పెంచారనుకోండి, మట్టం కిందికి దిగిపోతుంది. ఒక్క చుక్క కూడా ఆవిరి కాలేదు, ద్రవం లోపలికి జరిగింది, అంతే. చూసేవాడు తగ్గిందనుకుని మళ్లీ పోస్తాడు. దీన్ని తప్పించుకోవడానికి కాసేపు పీప్ తీసేసి చూస్తే, జబ్బు చేసిన ఊపిరితిత్తి ఆ కాసేపట్లోనే మూసుకుపోవచ్చు. ఒక సెట్టింగు మందునీ మారుస్తుంది, మందుని కొలిచే స్కేలునీ మారుస్తుంది. ఇంజినీరుగా నాకు ఇంతకంటే చిరాకు పుట్టించే వ్యవహారం లేదు.

ఊపిరి పీల్చే సమయం, వదిలే సమయం మధ్య నిష్పత్తి గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. పల్చటి పొర ఉన్నచోట గాలి ఆవిరితో నిండటానికి క్షణం చాలు. మడుగు ఉన్నచోట మాత్రం కాస్త నిలిపితే కాస్త ఎక్కువ నిండుతుంది. ఆక్సిజన్ శాతం 40 పెట్టినా 100 పెట్టినా ఆవిరికి పట్టింపు లేదు.

గాలిని వేడిచేసి తడిపి పంపే హ్యూమిడిఫయర్ గురించి మాత్రం ఆగి చెప్పాలి, ఎందుకంటే తెలివైనవాళ్లు కూడా ఇక్కడ జారిపడటం చూశాను. 'గాలిని ముందే పూర్తిగా తడిపి పంపుతున్నాం, ఇక లోపలి ద్రవం ఎందుకు ఆరుతుంది?' అంటారు. తడిపింది నీటితో. పెర్‌ఫ్లుబ్రాన్ దృష్టిలో ఆ గాలి ఇంకా పొడి గాలే. ఒక ఆవిరి ఎంత ఉందన్నది రెండో ఆవిరికి అడ్డు రాదు, ఇంటర్‌లో చదువుకున్న డాల్టన్ సూత్రం ఇదే. పైగా గాలిని వేడి చేసి పంపుతాం కాబట్టి ద్రవం పైపొర చల్లబడదు, ఆవిరి పీడనం కూడా పడిపోదు. హ్యూమిడిఫయర్ లేకపోతే రోగికి వేరే నష్టాలున్నాయి, తీసేయమని అనడం లేదు. ద్రవాన్ని అది కాపాడదు అంటున్నాను, అంతే. బయటికొచ్చిన గాలి సర్క్యూట్‌లో చల్లబడ్డప్పుడు ఆవిరిలో కొంత మళ్లీ ద్రవమై, గొట్టాల్లో చేరే నీటిని పట్టే వాటర్ ట్రాప్‌లోకి చేరుతుంది. మామూలుగా ఆ ట్రాప్‌లో ఉండేది నీరొక్కటే. ఇక్కడ రెండు పొరలు కడతాయి: నీరు పైన తేలుతుంది, దాని కింద అద్దంలా తేటగా పెర్‌ఫ్లుబ్రాన్. నర్సు యథాలాపంగా ట్రాప్ విప్పి సింకులో ఒంపేస్తే, ఎంత మందు పోయిందో తెలిపే లెక్కలో కొంత భాగం డ్రైనేజీ పాలు.

ఆవిరి కాకుండా పోయే దారులు ఇంకా ఉన్నాయి. ట్యూబులోంచి కఫం లాగే సక్షన్ చేస్తే పోతుంది, దగ్గితే పోతుంది, పసిపిల్లల్లో కఫ్ (చుట్టూ ఖాళీ మూసే బుడగ) లేని ట్యూబులు వేస్తారు కాబట్టి పక్కల నుంచి లీకవుతుంది. ఇవి కంటికి కనిపిస్తాయి, అందుకే అందరికీ గుర్తుంటాయి.

ఇక ఆ 2006 ట్రయల్ దగ్గరికొస్తాను. రాబర్ట్ కాక్‌మారెక్ నాయకత్వంలో ఏఆర్‌డీఎస్, అంటే ఊపిరితిత్తులు హఠాత్తుగా వాచి ఆక్సిజన్ అందని జబ్బు, వచ్చిన 311 మంది పెద్దవాళ్ల మీద చేశారు. మూడు గుంపులు. ఒక గుంపుకి మామూలు వెంటిలేటర్. రెండో గుంపుకి కిలోకి 10 మి.లీ. పెర్‌ఫ్లుబ్రాన్, మూడో గుంపుకి కిలోకి 20. ఇరవై ఎనిమిది రోజుల్లో చనిపోయినవాళ్లు మామూలు గుంపులో 15 శాతం, తక్కువ మోతాదు గుంపులో 26.3 శాతం, ఎక్కువ మోతాదులో 19.1 శాతం. మరణాల్లో తేడా గణాంకాల హద్దు దాటలేదు గానీ, వెంటిలేటర్ లేకుండా గడిపిన రోజులు మామూలు గుంపులోనే స్పష్టంగా ఎక్కువ. ద్రవం పోసినవాళ్లలో ఊపిరితిత్తి చిరిగి గాలి బయటికి చేరడం, ఆక్సిజన్ పడిపోవడం, బీపీ పడిపోవడం ఎక్కువ. ఇంతకంటే స్పష్టమైన ఓటమి ఉండదు. ఆ ఫలితాన్ని కాదనే ధైర్యం నాకు లేదు, అవసరమూ లేదు.

నేను అడిగేది ఒక్కటే: అక్కడ పరీక్షకి పెట్టింది ఏ మోతాదుని? మూడు గుంపులకీ సెట్టింగుల హద్దులు ఒకటే. టైడల్ వాల్యూమ్ కిలోకి 10 మి.లీ. దాటకూడదు, రేటు 25 దాటకూడదు, పీప్ 13 సెం.మీ. నీటి పీడనం కంటే తగ్గకూడదు. చూడటానికి న్యాయంగానే ఉంది. ఆ హద్దుల్లోనే ఉన్న ఇద్దరు 70 కిలోల మనుషుల్ని ఊహించుకోండి. ఒకరికి 700 మి.లీ. చొప్పున 25 ఊపిరులు, నిమిషానికి 17.5 లీటర్లు. ఇంకొకరికి 450 చొప్పున 16, అంటే 7.2 లీటర్లు. గరిష్ఠ లెక్కన మొదటివారికి గంటకి 155 మి.లీ. ద్రవం పోవచ్చు, రెండోవారికి 64. ఇద్దరూ 'తక్కువ మోతాదు' గుంపులోనే ఉన్నారనుకోండి, ఇద్దరికీ పోసింది 700 మి.లీ. మధ్యలో టాప్-అప్ ఆలస్యమైతే నాలుగు గంటల తర్వాత ఒకరి ఊపిరితిత్తిలో దాదాపు ఏమీ ఉండదు, ఇంకొకరిలో సగానికి పైగా ఉంటుంది. ఇద్దర్నీ ఒకే గుంపు కింద లెక్క కట్టేస్తాం. నిజంలో తేడా ఇంతకంటే తక్కువే ఉంటుంది, ద్రవం ఆరేకొద్దీ నష్టం నెమ్మదిస్తుంది కాబట్టి. కానీ తేడా ఉంటుంది. కిడ్నీ ద్వారా పోయే మందు ఇచ్చేటప్పుడు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూడకుండా ఎవరైనా డోసు రాస్తారా? ఈ మందుకి కిడ్నీ పని చేసేది వెంటిలేటరే.

సగం నిండిన ఊపిరితిత్తి ఇంకో ఇబ్బంది తెస్తుంది. ద్రవం ఆక్రమించిన చోటు పోను మిగిలిన చోటే గాలిది. ఏఆర్‌డీఎస్ ఊపిరితిత్తిలో అసలే గాలి పట్టే చోటు చిన్నపిల్లలదంత ఉంటుంది. అందులో సగం ద్రవం నింపి, పైన అదే టైడల్ వాల్యూమ్ ఊదితే, ఆ మిగిలిన చోటు సాగి చిరగదా? 2000లో అమెరికాలోని ఏఆర్‌డీఎస్ నెట్‌వర్క్, 861 మంది మీద, కిలోకి 12 మి.లీ. బదులు 6 మి.లీ. ఊదితే మరణాలు 39.8 శాతం నుంచి 31 శాతానికి తగ్గాయని చూపించింది. అంటే ద్రవం లేకుండానే టైడల్ వాల్యూమ్ అంత ప్రాణాంతకమైన అంకె. ద్రవం ఉన్నప్పుడు గాలి చోటు గంటగంటకీ మారుతుంటుంది, ఎంత మారుతుందో టైడల్ వాల్యూమే తేలుస్తుంది, మారిన చోటుకి ఆ టైడల్ వాల్యూమ్ సరిపోతుందో లేదో ఎవరూ తిరిగి చూడరు. తక్కువ మోతాదు గుంపుకి ఎక్కువ మోతాదు గుంపు కంటే అధ్వాన్నంగా జరగడం నాకైతే వింతగా అనిపించలేదు. నిండా నిండినదీ కాక, ఖాళీగానూ లేక, మధ్యలో ఊగిసలాడే స్థితే అన్నిటికంటే చెడ్డదని నా అనుమానం. అనుమానమే, రుజువు కాదు.

దీనికి గట్టి జవాబే ఉంది, దాటవేయడం న్యాయం కాదు. 'ఆవిరి నష్టం అంత ముఖ్యమైతే, ఎక్కువ పోసి, తరచూ టాప్-అప్ చేసిన గుంపుకి మామూలు గుంపు కంటే మేలు జరగాలిగా? జరగలేదే?' అంటారు. నిజమే. ఆవిరిని అదుపు చేస్తే ఈ చికిత్స గెలిచేదని నేను అనలేను. అంత బరువైన ద్రవం రక్తనాళాల మీద పడటం, చీమూ కఫమూ పైకి తేలి ట్యూబులకి అడ్డం పడటం, ఇవన్నీ ఆవిరితో సంబంధం లేని కష్టాలే. అంతేకాదు, మామూలు వెంటిలేషనే ఆ ఏళ్లలో బాగా మెరుగైంది. దాన్ని మించడం ఏ కొత్త పద్ధతికైనా కష్టం. ఇదంతా ఒప్పుకుంటాను. ఒప్పుకున్నాక కూడా నా మాట నిలబడుతుందనే అనుకుంటున్నాను: మోతాదుని పట్టి ఉంచలేని పరీక్ష, ఆ మందు పనికిరాదని చెప్పగలదేమో గానీ, ఏ మోతాదు పనికిరాదో చెప్పలేదు.

ఆపరేషన్ థియేటర్‌లో మత్తు డాక్టర్ల దగ్గర ఇదే భౌతికశాస్త్రం ఎంత సహజంగా నడుస్తుందో చూస్తే నాకు ఇంకా ఒళ్లు మండుతుంది. ఆవిరిగా పీల్పించే సీవోఫ్లురేన్ మత్తుమందు సీసా ఖరీదైనది. ఫ్రెష్ గ్యాస్ ఫ్లో (నిమిషానికి పంపే కొత్త గాలి) లీటర్లని, మత్తుమందు శాతాన్ని, మూడుని గుణిస్తే గంటకి ఎన్ని మి.లీ. ఖర్చవుతుందో ఉజ్జాయింపుగా తెలుస్తుందని వాళ్లకి కంఠతా వచ్చు. ఆరు లీటర్ల ఫ్లోలో 2 శాతం అంటే గంటకి 36 మి.లీ. ఒక లీటరుకి తగ్గిస్తే ఆరే. మన దగ్గర చిన్న నర్సింగ్ హోముల్లో కూడా 'ఫ్లో తగ్గించండి సార్, సీసా అయిపోతోంది' అనే మాట వినపడుతుంది. డబ్బు లెక్క ఉన్నచోట ఆవిరి లెక్క దానంతటదే వచ్చింది. పెర్‌ఫ్లుబ్రాన్ లెక్కలో అలా అరిచేవాళ్లు లేకపోయారు. మత్తు యంత్రాల్లోలా వదిలిన గాలినే శుభ్రం చేసి మళ్లీ పీల్పించే క్లోజ్డ్ సర్క్యూట్ ఐసీయూ వెంటిలేటర్లకి లేదు. ఉంటే నష్టం బాగా తగ్గేది. పర్యావరణం కోసమైనా అది కావాలి. పూర్తిగా ఫ్లోరిన్‌తో నిండిన ఈ రసాయనాలు కొన్ని గాలిలో వేల ఏళ్లు చెక్కుచెదరకుండా ఉండి వేడిని పట్టి ఉంచుతాయి.

ఇదంతా ముగిసిపోయిన కథ కదా, ఇప్పుడెందుకు తవ్వడం అనొచ్చు. ముగియలేదు. కెనడాలో షెర్‌బ్రూక్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇనోలివెంట్ అనే పూర్తి ద్రవ వెంటిలేటర్ తయారుచేసి గొర్రెపిల్లల మీద ఏళ్లుగా పనిచేస్తున్నారు. ఫ్రాన్స్‌లో రెనో టిసియే బృందం, గుండె ఆగి మళ్లీ కొట్టుకున్నాక ఒంటిని నిమిషాల్లో చల్లబరచడానికి చల్లటి పెర్‌ఫ్లోరోకార్బన్‌ని ఊపిరితిత్తుల్లో తిప్పే పద్ధతి మీద జంతువుల్లో పరీక్షలు చేసింది. జపాన్‌కి చెందిన తకానొరి తకెబే బృందమైతే ఏకంగా పేగుల్లోకి ఇదే జాతి ద్రవం ఎక్కించి ఆ దారిన ఆక్సిజన్ పంపుతోంది. దానికి 2024లో, నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ వచ్చింది, అందరూ నవ్వుకున్నారు. అక్కడ ద్రవం మీద గాలి ఊదరు కాబట్టి వాళ్లకి నేను చెప్పే తలనొప్పి లేదు.

పూర్తి ద్రవ పద్ధతిలో ఊపిరితిత్తి లోపల ఆవిరి ఉండదు. ఆక్సిజన్ బుడగలు పంపే గదిలో ఆవిరవుతుంది, దాన్ని కండెన్సర్ పట్టి చల్లబరిచి వెనక్కి తెస్తుంది. కానీ ఎంతసేపు ద్రవంతో నడిపినా చివరికి రోగిని మామూలు గాలికి మార్చాల్సిందే. ఎంత పీల్చి తీసినా కొంత ద్రవం లోపల మిగులుతుంది. అంటే ప్రతి పూర్తి ద్రవ వెంటిలేషనూ, ఎవరూ కోరకపోయినా, కొన్ని గంటలపాటు పార్షియల్ లిక్విడ్ వెంటిలేషన్‌గానే ముగుస్తుంది. 2006 నాటి అన్ని ఇబ్బందులూ ఆ గంటల్లో ఉంటాయి, ఒక్క తేడాతో: ఇప్పుడు ద్రవం త్వరగా పోవాలి. రేటు కాస్త పెంచడం, రోగిని పక్కకి తిప్పి మడుగుని పరచడం, ఇవే ఇక్కడ మంచి పనులవుతాయి. రకాన్ని బట్టి కూడా ఎంతో మారుతుంది. ప్రయోగశాలల్లో వాడే ఎఫ్‌సీ-77 అనే ద్రవం ఆవిరి పీడనం 37 డిగ్రీల దగ్గర సుమారు 85 మి.మీ., పెర్‌ఫ్లుబ్రాన్‌కి ఏడెనిమిది రెట్లు. ఒకదానితో చేసిన సెట్టింగుల ప్రయోగం ఫలితాన్ని ఇంకోదానికి అంటగట్టకూడదు.

కొలవడానికి సాధనం లేదనే సాకు కూడా ఇప్పుడు చెల్లదు. ఒకటిన్నర శాతం పెర్‌ఫ్లుబ్రాన్ ఆవిరి కలిస్తే వదిలిన గాలి సాంద్రత ఐదో వంతుకు పైగా పెరుగుతుంది. ఆ బరువుకి ఫ్లో సెన్సార్లు తికమకపడి వదిలిన గాలి పరిమాణాన్ని తప్పుగా చూపించొచ్చు. చూసేవాళ్లకి అది అలారం తలనొప్పి. నాకు మాత్రం ఆ తప్పులోనే కొలత కనిపిస్తుంది. అల్ట్రాసౌండ్‌తో పనిచేసే కొన్ని ఫ్లో సెన్సార్లు గాలి వేగంతో పాటు దాని అణుభారాన్నీ లెక్కగట్టగలవు. గొట్టంలో బయటికొచ్చే గాలి వైపు అలాంటిది ఒకటి పెట్టి, ఆక్సిజన్, నైట్రోజన్, కార్బన్ డయాక్సైడ్, నీరు వాటాలు తీసేస్తే మిగిలింది పెర్‌ఫ్లోరోకార్బన్. దాన్ని మినిట్ వెంటిలేషన్‌తో గుణిస్తే గంటకి ఎన్ని మి.లీ. పోతోందో స్క్రీన్ మీద చూపించొచ్చు. పోసింది ఎంత, సక్షన్‌లో వచ్చింది ఎంత, వాటర్ ట్రాప్ అడుగున చేరింది ఎంత, ఆవిరైంది ఎంత అని నాలుగు గడులు గంటకోసారి నింపితే లోపల మిగిలింది ఎంతో వస్తుంది. రేపు ఎవరైనా ఈ ద్రవాన్ని మళ్లీ మనిషి ఊపిరితిత్తుల్లో పోయదలిస్తే, 'కిలోకి ఇన్ని మి.లీ. ఇచ్చాం' అన్న ఒక్క అంకె బదులు ఆ మిగిలిన అంకెని గంటగంటకీ గ్రాఫుగా అచ్చేయమని అడగాలి. పక్కనే రేటు, టైడల్ వాల్యూమ్, పీప్ ఎప్పుడెప్పుడు మార్చారో కూడా.